ఆదోనిలో పేలని తుపాకి

హలో… ఆ, నేనేనమ్మా, ఉమాదేవినే. ఎమ్మిగనూరు బట్టలంగడి… ఆదోని నుంచా? కలుపు తల్లీ, కలుపు. పొద్దున్నుంచి ఈ ఫోను పక్కనే కూర్చోనుండాను.

హలో… రంగనాయకులు మామా? నమస్కారం మామా! ఎట్ల జరుగుతాండాది మీ సభ?…

ఏమి?… పేలలేదా?

అదేంది మామా… ఒక్కటి కూడానా? నేను పంపిన తుపాకుల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా?…

అయ్యో… అందరి ముందరా! మొదటిది పంచాయతీ పెద్ద, మన పెద్దయ్య తాత చేతికే ఇచ్చినారా… ఆయప్ప మీట నొక్కినాడు… ఆ… తుస్సుమనిందా!

లేదు లేదు, నేను నవ్వలేదు మామా. దగ్గొచ్చింది. ఈడంతా బట్టల దుమ్ము కదా.

మెల్లగా… మెల్లగా చెప్పండి. అట్ల అరిస్తే తీగెలు తెగిపోతాయి. తిట్టేది తర్వాత తిట్టుదురు గాని, ముందర ఏం జరిగిందో చెప్పండి.

ఊ… ఊ… తెలుసు మామా. ఈ పొద్దు ఆదోని పత్తి వర్తకులంతా కలిసి మిమ్మల్ని పెద్దగా కూర్చోబెట్టే పొద్దు. దండలు తెప్పించినారు, షామియానా ఏయించినారు. మన బొమ్మ తుపాకి చూసేదానికి మద్రాసు నుంచి బొమ్మల వ్యాపారి కూడా దిగినాడంటిరి. పాపం, అంత దూరం రైల్లో వచ్చి ఆయప్ప ఈ తుస్సు వినాల్సొచ్చె.

నా తప్పా?…

సరే మామా, నా తప్పే అనుకుందాం. తుపాకి చేసింది నేనే కదా… ఆ, డబ్బా మీద మాత్రం మీ పేరే. ‘రంగనాయకులు గాలి తుపాకి’. మీ బొమ్మ కూడా ఏయించినాను, మీసాలతో సహా. నేనేమన్నా కాదన్నానా? పేరు మీది, పని నాది అనుకుంటిమి. ఈ పొద్దు మాత్రం మీకు నా పేరు గుర్తొచ్చింది.

అందరితో చెప్పేసినారా? ‘ఇది నేను చేసింది కాదు, పుల్లయ్య కూతురు చేసింది’ అని?… చెప్పేసినారు. మంచిది. శానా మంచిది మామా.

ఇంకేమన్నారు?…

ఏమన్నారూ?… మళ్ళా చెప్పండి.

‘తండ్రి పత్తి బేళ్లకు నీళ్లు చల్లినాడు, కూతురు తుపాకిలో గాలి తీసేసింది.’ … అట్లనా. అందరూ నవ్వినారా?… మద్రాసాయప్పకు తెలుగు రాదంటిరే, ఆయప్పకు అరవంలో చెప్పి మరీ నవ్వించినారా. ఊ.

లేదు, నాకేం కోపం లేదు. కోపమొస్తే గొంతు ఇట్లుంటాదా?

నాయనా? ఈడనే ఉండాడు. చిన్నాయన అంగడి కదా, గిరాకీ చూసి పడేసిన బట్టలు మడతలు పెడతాండాడు. ఆదోని అనే మాట వినపడితే తల వంచుకుంటాడు. ఇప్పుడు కూడా వంచుకోనే ఉండాడు.

రెండేండ్లాయె మామా. మన తాలూకా బళ్లారిని వదిలి కర్నూలులో కలిసిన ఏడాది. నాకు బాగా గుర్తుండాది. మీకూ గుర్తుండాల. నాయన అంగట్లో కొన్న పత్తి మీ ప్రెస్సులో బేళ్లు కట్టించి బొంబాయి మిల్లుకు పంపితే, లోపల బూజు పట్టి తిరిగొచ్చె. పంచాయతీలో మీరే కదా నిలబడి చెప్పింది? ‘పుల్లయ్య తెచ్చినప్పుడే ఆ పత్తి తడిసుండాది’ అని. పెద్దయ్య తాత మీ మాట నమ్మె. ‘ఇంక పుల్లయ్య చెయ్యి ఎవరూ పట్టుకోకూడదు’ అనె. రుమాలు కింద వేళ్లు పట్టుకొని ధర చెప్పుకునే ఊరు అది. చెయ్యి పట్టుకునేవాడు లేకుంటే బేరం యాడిది? బేరం లేకుంటే అంగడి ఏంటికి?

ఊ… ఔను, ఔను, అది పాత కత. తవ్వద్దు. తుపాకి సంగతే చూద్దాం.

మామా, ఒక పని చేద్దాం. తప్పు నాదని అందరికీ కండ్లారా తెలియాల. అంతే కదా మీకు కావాల్సింది? అయితే నేను ఈడ చెప్పింది చెప్పినట్ల మీరు ఆడ గట్టిగా అనండి. ఫోను షామియానా పక్కగదిలోనే కదా?… గడప కాడనే. ఇంకేం, అందర్నీ దగ్గరికి రమ్మనండి. తుపాకి పెద్దయ్య తాత చేతిలోనే ఉండనీయండి. మీరు ముట్టుకోవద్దు. నేనెట్లా ముట్టుకోలేను, నడిమిట్ల తుంగభద్ర కాలవంత దూరం ఉండాది. అప్పుడు ఏ తప్పు బయటపడినా అది చేసినోళ్లదే అవుతాది… ఆ, అదే. పుల్లయ్య కూతురిదే.

రెడీనా? ముందర గొట్టంలో ఇరుక్కున్న గుండును తీయించండి. సన్న పుల్లతో మూతి నుంచి ఎనక్కి నెట్టితే వచ్చేస్తాది… రాలేదా? గట్టిగా నెట్టండి… వచ్చిందా. పారేయద్దండి మామా. పళ్లెంలో పెట్టండి. మళ్ళా పనుంటాది.

ఇప్పుడు తాతను తుపాకి ఎనక కడ్డీ పట్టుకొని గుంజమనండి. అంతా… అంతా వచ్చేదాకా… టక్కుమనిందా? అది స్ప్రింగు ముడుచుకొని మీటకు తగులుకున్న చప్పుడు. వదిలేయమనండి చెయ్యి. కడ్డీ ముందరికి జారిందా?… జారలేదు. అంటే స్ప్రింగు బాగుండాది, మీట బాగుండాది. చెప్పండి గట్టిగా.

నాకు వినపడలేదు.

ఆ. ఇప్పుడు వినపడింది.

ఇంక గాలి. లోపల ఒక తోలు వాషరు ఉంటాది, సైకిలు పంపులో ఉండేటిదే. ఆముదంలో నానబెట్టి ఏసినాను, ఎండిపోకుండా. స్ప్రింగు దాన్ని ముందరికి తోస్తే, ముందరుండే గాలంతా ఒక చిల్లిలో నుంచి వెదురు గొట్టంలోకి దూకాల. దూకుతాండాదా లేదా చూడాల… ఎట్లంటారా? గుండు లేకుండా ఒట్టి తుపాకి పేల్చమనండి. మూతికి అడ్డంగా ఏమన్నా పలచటిది పెడితే తెలుస్తాది… కాగితం ఏంటికి మామా, మీ మీసముండాది కదా! దాని ముందర పెట్టించండి.

ఎగిరిందా?

ఎంత బాగా ఎగిరింది? రెండు పక్కలా?… పిల్లోళ్లు నవ్వుతాండారా. పెద్దోళ్లు కూడానా… పోనీయండి మామా, బొమ్మ తుపాకి కదా, నవ్వేదానికే చేసింది. ‘గాలి బాగుండాది’ అని చెప్పండి… ఆ.

ఇంక గొట్టం. తాతకు కన్ను బాగానే ఆనుతాది కదా? గొట్టం ఊడదీసి ఎండ వైపు పెట్టి చూడమనండి. లోపల ముడులు గాని, చీలికలు గాని… నున్నగా ఉండాదా. వెలుతురు చుట్టూ సమంగా కనపడతాండాదా… అది గీకేదానికే నా చేతులు బొబ్బలెక్కినాయి మామా. సీసా ముక్కతో గీకి, ఇసకతో రుద్ది, మైనం పూసినాను. తాత ఏమంటాండాడు?… ‘పనితనముండాది’ అన్నాడా. నా మాటగా ఆయప్పకు దండం చెప్పండి.

స్ప్రింగు బాగుండాది. గాలి బాగుండాది. గొట్టం బాగుండాది. మరి మిగిలిందేంది మామా?

చెప్పండి.

మిగిలింది ఏందీ?…

గుండు. ఆ. గట్టిగా అనండి, ఆ చివరోళ్లకు వినపడాల.

గుండ్లు నేను పంపలేదు కదా? గుండ్లు చేసే చెక్క అచ్చు ఒక్కటే పంపినాను. ‘మన ముద్ర ఏసిన బేలు అందరి ముందరా కోస్తాం, మన దూదితోనే గుండ్లు కడతాం, మద్రాసోడు మన సరుకు చూసి నోరు తెరవాల’ — ఎవరన్నారు మామా ఈ మాట? నేనా?… మీరే. పొద్దున కోసినారు కదా? మీ ప్రెస్సు కూలి నరసన్న ఇనుప పట్టీలు తెంపినాడు, బేలు నడిమి నుంచి దూది తీసినాడు… నడిమి నుంచి తీయమన్నది నేనే, ఔను. పైపొరకు మట్టి అంటుంటాది కదా.

ఆ దూదిని అచ్చులో పెట్టి సుత్తితో కొట్టినాడు. బయటికొచ్చిన గుండు ఎట్లుండాది? పళ్లెంలో ఉండాది చూడండి, తాతను పట్టుకోమనండి… గట్టిగా, నున్నగా. గచ్చకాయ లాగ. ఊ… మంచి గుండు కదా అంటారా?

కాదు మామా. దూది గుండు మెత్తగా ఉండాల. అచ్చు నుంచి బయటికి రాంగానే రవంత పొంగాల. పొంగి, గొట్టానికి అంటీ అంటనట్ల నిలబడాల. వదులైతే గాలి పక్కల నుంచి పారిపోతాది. బిగుసుకుంటే కదలదు. అట్ల అంటీ అంటనట్ల ఉంటేనే ఎనక గాలి దాన్ని ఒక్క తోపు తోస్తాది, పోయి గోడకు తగులుతాది. పసిబిడ్డ కంటికి తగిలినా నొప్పి పెట్టదు. నా చెంప మీద, నా కన్ను మీద కొట్టుకొని చూసినాకనే మీ చేతికిచ్చినాను.

ఈ గుండు పొంగలేదు. గొట్టాన్ని కరుచుకొని కూర్చునింది. ముందరికి పోయే దారి లేక గాలి వాషరు పక్కల నుంచి ఎనక్కి వచ్చె. అదే మీ తుస్సు.

దూది ఏంటికి పొంగలేదో… మీకు తెలియదా మామా? పత్తిలో పుట్టి పత్తిలో పెరిగినోళ్లు.

హలో?…

హలో! పెట్టేయద్దండి! ఇప్పుడు ఫోను పెట్టేస్తే చుట్టూ ఉండేటోళ్లు ఏమనుకుంటారు? తాత ఏమంటాండాడు పక్కన… ‘ఇంకా ఏం చెప్తాండాది ఆ పిల్ల’ అనా? చెప్పండి మరి. ‘వేరే దూదితో చేసి చూడమంటాండాది’ అనండి.

వేరే దూది యాడిదంటారా? తాత ఆనుకున్న దిండు ఉండాది కదా, బురుజంత దిండు. నరసన్నను దాన్ని చింపమనండి… వద్దా? మీ అత్తగారింటి నుంచి వచ్చిన దిండా! అయితే ఇంకా మంచిది, ఎంత పాతదైతే అంత బాగా ఎండింటాది…

ఏంది ఆ చప్పుడు?… తాతే చింపేసినాడా! హహ… లేదు, దగ్గు మామా, దగ్గు.

అచ్చులో పెట్టమనండి. సుత్తి మెల్లగా… పొంగిందా? చూడండి, పొంగిందా లేదా… జొన్నపేలాల లాగ! ఆ మాట ఎవరన్నారు? నరసన్నా? సరిగ్గా చెప్పినాడు. గొట్టంలో పెట్టండి. కడ్డీ గుంజండి. తాతనే పేల్చమనండి. యాడికి గురి పెట్టినా పర్వాలేదు, ఎవరికీ ఏమీ కాదని చెప్పండి.

…

ఆ! ఈడికి వినపడింది మామా! టప్పుమని! చిన్నాయనా, విన్నావా?… ఏంది ఆ కేకలు? ఎవరికి తగిలింది?

మీకా!

యాడ తగిలింది?… ముక్కు మీదనా! నొప్పి పెట్టిందా?… లేదు కదా. చెప్పినాను కదా.

ఇంకొకటి కొడతాడంటనా తాత?… కొట్టనీయండి మామా. పెద్దాయప్ప, ముచ్చటపడతాండాడు.

…

ఇదీ వినపడింది.

ఇంక అయిపోయింది మామా. దిండు దూది పేలింది. మీ బేలు దూది పేలలేదు. తుపాకి అదే, గాలి అదే, అచ్చు అదే, చెయ్యి కూడా అదే. ఈ ముక్క గట్టిగా అనండి.

ఏంటికి గొంతు తగ్గిపోయింది?

తాతకియ్యండి ఫోను, నేనే చెప్తాను.

ఇయ్యవా?… సరే. అయితే ముందర నువ్వు విను. ఔను, ‘నువ్వు’ అనే అన్నాను.

పోయిన నెల మీ ప్రెస్సు కాడికి వచ్చినాను, తుపాకి చూపించేదానికి. గుర్తుందా? నువ్వు లోపలికి రమ్మనలేదు, గోడౌను అరుగు మీద కూర్చోబెట్టినావు. గుండ్లు ఇంట్లో మర్చిపోయి వచ్చినాను నేను. పక్కనే బేలు కట్టేదానికి పోసిన దూది ఉంటే గుప్పెడు తీసి గుండు కట్టినాను. పేలలేదు. నువ్వు రాకముందే దాచేసుకున్నాను. నా తుపాకిదే తప్పనుకున్నా. ఇంటికి పోయి అంతా ఊడదీసి మళ్ళా బిగించినాను. ఇంట్లో పరుపు దూదితో కొడితే గోడకు పోయి తగిలె. అప్పుడు నీ గుప్పెడు దూది ఎండలో పెట్టినాను. ఎండినాక కొట్టినాను. అదీ పోయి తగిలె.

అప్పుడు తెలిసింది మామా. నాయన బేళ్లు తడిపింది ఎవరో, అప్పుడు తెలిసింది.

మర్నాడు నేనే నీ దగ్గరికొచ్చి ‘తుపాకికి మీ పేరు పెట్టుకోండి’ అన్నాను. నువ్వు ఎంత మురిసిపోయినావు! ఆడపిల్ల, అణిగి ఉండాదనుకున్నావు. కాదు మామా. నీ పేరుంటేనే నువ్వు నీ బేలు కోస్తావు. నీ పేరుంటేనే పదిమందిని పిలుస్తావు.

ఒక్క బేలన్నా పొడిగా కట్టించి పెట్టుకోవాలని నీకు తోచలేదు. ఏంటికి తోస్తాది? చేతికి తెలియని తడి లోకంలో ఎవరికీ తెలియదని నీ నమ్మకం.

ఎవరమ్మా?… ఎక్స్‌ఛేంజా? టైమైందా? ఇంకా పెంచు తల్లీ… డబ్బు ఆయప్పదే, ఏం భయం లేదు… ఏంది, నువ్వూ వింటాండావా? విను, విను. నలుగురికీ చెప్పు.

ఆ మామా, ఉండాను. ఏంది, ఇప్పుడు గుసగుసగా మాట్లాడతాండావు? చెయ్యి అడ్డం పెట్టుకున్నావా?…

తుపాకి నా పేరు మీదికి మారుస్తావా?

డబ్బా మీద నీ బొమ్మ తీసేసి… ఊ… మద్రాసు ఆర్డరంతా నాకే… రైలు గేటు కాడుండే షెడ్డు కూడా ఇస్తావా, తుపాకులు చేసుకునేదానికి. బాగుండాది. నేనేం చెయ్యాల?

‘గుండ్లు నేనే తడిపించినాను, తమాషాకు’ అని తాతతో చెప్పాల. అంతేనా?

…

ఉండాను మామా. నాయన వైపు చూస్తాండాను. పంచె మడత పెడతాండాడు. మడిచిందే విప్పి మళ్ళా మడుస్తాండాడు. రెండేండ్ల నుంచి అంతే. ఒకప్పుడు చేతిలో పత్తి పట్టుకొని ఏ ఊరి నేలలో పండిందో చెప్పేటోడు.

ఆ షెడ్డు నాకు శానా పనికొచ్చేది. నిజం చెప్తాండాను. ఆ ఆర్డరు వస్తే నా బతుకు మారిపోయేది.

చెప్పను మామా. ఫోను తాతకియ్యి.

ఇయ్యి.

…

ఎవరూ… తాతా? మీరే గుంజుకున్నారా! నమస్కారం తాతా. పుల్లయ్య కూతుర్ని… ఆ, బాగుండాను. తుపాకి నచ్చిందా?… మనవనికి ఒకటా? పంపిస్తాను తాతా, డబ్బా లేకుండా.

ఆ… మీరు అడిగేది అర్థమైంది. అడగండి.

ఔను తాతా. తడి. నీళ్లు చల్లేది ప్రెస్సులోనే, దూది రవంత మిగిలించుకొని తూకం నీళ్లతో సరిపెట్టేదానికి. బేలు నొక్కే ముందర, నడిమి పొరకు. పై పొర ఎండింటాది, కింది పొర ఎండింటాది… లేదు, చేత్తో పట్టుకుంటే తెలియదు. మీరంతా పత్తి చూసేది చేత్తోనే కదా? చేతికి దొరకనంత మాత్రమే చల్లిస్తాడు, చెయ్యి తిరిగినోడు. అదే అచ్చులో పెట్టి సుత్తితో కొట్టినామంటే గడ్డ కడతాది. మీరే చూస్తిరి.

లేదు, నా మాట నమ్మద్దండి. ఆ పొద్దు మాట నమ్మే కదా ఇంత జరిగింది. ఆయన గోడౌనుకు పోండి. మీకు తోచిన బేలు మీరే చూపించండి. కోయించి, తూకం ఏసి, ఎండలో పరిపించండి. ఎండినాక మళ్ళా తూకం ఏయండి. తగ్గింది దూదా నీళ్లా, మీరే చెప్పండి.

ఏంది తాతా ఆడ?… ఎవరు ఏడుస్తాండేది? మామనా?…

నరసన్నా! ఏమంటాండాడు?… ‘మా రంగనాయకులు శెట్టి చెప్తేనే చల్లినాను’… అందరి ముందరా అన్నాడా? పుల్లయ్య బేళ్లకు కూడా తానే చల్లినాను అన్నాడా తాతా? ఆ మాట స్పష్టంగా అన్నాడా?… మళ్ళా అడగండి. మీ గొంతుతో అడగండి, నేను వింటాను.

…

విన్నాను.

…

ఉండాను తాతా. లైను కట్ కాలేదు. రవంత… ఉండండి.

ఆ. చెప్పండి. ఆయప్పను ఏమీ అనద్దండి, నరసన్నను. కూలి మనిషి. మీరు అనాల్సింది వేరే మనిషిని.

మీరు కూడా తాతా. మీకు కోపమొచ్చినా చెప్తాను. ఆ పొద్దు ఒక్క బేలు ఎండలో పరిపించింటే సరిపోయేది. మీరు పరిపించలేదు. మామ నాలుగు ప్రెస్సుల మనిషి, నాయన ఒక చిన్నంగడి మనిషి. మాట ఎవరిది బరువుందో చూసినారు, బేలు బరువు చూడలేదు… ఊ… ఊ… మీరు అట్ల అంటే నేనేం చెప్పను. పెద్దోళ్లు.

నాయనతోనా? ఇప్పుడా?… అడుగుతాను.

నాయనా! ఇట్ల రా. పెద్దయ్య తాత. ఆదోని నుంచి. నీతో ఒక మాట చెప్పాలంట… పంచె ఆడ పడేసి రా నాయనా… అట్ల తల అడ్డం ఊపితే ఎట్ల? ఆయప్ప కాచుకోనుండాడు… భయమేంటికి, నరసన్న అంతా చెప్పేసినాడు. అందరూ విన్నారు. నీ పేరు కడిగేసినారు నాయనా… ఏంది?… గట్టిగా చెప్పు, చిన్నాయన కూడా వినాల…

అట్లనా.

చెప్తాను. అట్లనే చెప్తాను.

తాతా? నాయన ఫోన్లో మాట్లాడడంట… కోపం కాదు. ఆ పొద్దు ముఖాన అన్నారు కాబట్టి ఈ పొద్దు కూడా ముఖానే అనాలంట. బేళ్లు కోసేటప్పుడు పక్కన నిలబడి చూస్తాడంట… ఈ పొద్దే తాతా. చిన్నాయన అప్పుడే బస్సు ఆపేదానికి మనిషిని పంపినాడు. మేమొచ్చేదాకా గోడౌను తాళం మీ దగ్గరే పెట్టుకోండి. ఒక్క బేలు కూడా బయటికి పోనీయద్దండి… ఆ. మద్రాసాయప్పను ఉండమనండి, ఉంటానంటే. లేదంటే పోనీయండి.

ఒక్కసారి మామకియ్యండి తాతా. ఒక్క మాటే.

…

మామా. ఏడవద్దు… ఏడవద్దంటాండా. వినపడతాండాదా? మేం వస్తాండాం. నువ్వు యాడికీ పోవద్దు… ఇంటికి కూడా పోవద్దు. ఒంట్లో బాగలేకుంటే ఆ చింపిన దిండు మీద పండుకో. నాయనకు ఇప్పుడు కండ్లు సరిగ్గా ఆనవు, గుంపులో నిన్ను ఎతుక్కునే పని ఆయనకు పెట్టద్దు. ముందర వరుసలో ఉండు.

కుర్చీ వద్దు. నిలబడు.

పెట్టేస్తాండాను మామా. నాయన అప్పుడే చెప్పులేసుకున్నాడు.